చైనావాళ్ల పాత మిఠాయి కొట్టుకు వెళ్తే: తోపు, పూర్ణం, ఏ కొవ్వు?

సింగపూర్, హాంకాంగ్, మలేషియాలోని పెనాంగ్ తిరగడానికి వెళ్లిన మన విజయవాడవాళ్లు చైనావాళ్ల పాత మిఠాయి కొట్టు ముందు ఒక్క క్షణం ఆగుతారు. అద్దాల వెనక వరసగా పేర్చిన గుండ్రటి బిళ్లల్ని చూస్తారు. "ఇందులో ఏం కలుస్తుందో ఏమో" అనుకుని ముందుకు సాగిపోతారు. అలా వదిలేసుకోవడం అన్యాయం. ఆ అద్దాల వెనక ఉన్న సరుకులో చాలా భాగం మన వంటింట్లోదే: పొట్టు తీసిన పెసరపప్పు, నువ్వులు, బూడిద గుమ్మడికాయ, మైదా, పంచదార, వేరుశనగ నూనె. బొబ్బట్టుకి పూర్ణం చుట్టూ ఉండే తోపు పిండి ఎలా సాగాలో తెలిసినవాళ్లకి, మడత కాజా విరిచి పొరలు చూసినవాళ్లకి ఆ కొట్టు సగం అర్థమైనట్టే. మిగతా సగం కొవ్వు సంగతి. ఏ కొవ్వు వేశారు, ఎందుకు వేశారు, అది లేనిది ఎలా అడగాలి అన్నవి తెలిస్తే శాకాహారులు కూడా ఆ కొట్టులోకి నిశ్చింతగా వెళ్లి రావచ్చు.

ముందు పేరు సంగతి. మాండరిన్‌లో "బింగ్", కాంటనీస్‌లో "బెంగ్", పెనాంగ్‌లో వినిపించే హొక్కియన్‌లో "పియా" అన్నీ ఒకే మాట. బిళ్లలా చేసిన పిండివంట అని అర్థం. ఈ కొట్లలో పేరు చివర ఈ మాట వినిపించిందంటే లోపల పూర్ణం ఉన్నదో, అచ్చులో నొక్కినదో అయివుంటుంది. కేకు, బిస్కెట్టు అని ఇంగ్లీషు బోర్డు మీద రాసినా మన మనసులో ఉన్న కేకు అది కాదు.

ఏ ఊళ్లో ఏది కొనాలి అన్నది కూడా ముఖ్యం. పెనాంగ్ జార్జ్ టౌన్‌లో అయితే పెసరపప్పు పూర్ణం పెట్టిన తౌ సా పియా. అక్కడి గీ హియాంగ్ కొట్టు 1856 నాటిది, నువ్వుల నూనెకి కూడా దానికి పేరుంది. బర్మా రోడ్డులోని హిమ్ హియాంగ్ కూడా ఈ తౌ సా పియాకే ప్రసిద్ధి. హాంకాంగ్‌లో అయితే బూడిద గుమ్మడి పూర్ణం ఉన్న లో పో బెంగ్. యూన్ లాంగ్ ప్రాంతంలోని హాంగ్ హ్యూంగ్ దీనికి పెట్టింది పేరు. మకావులో బాదం బిళ్లలు. సెయింట్ పాల్స్ చర్చి శిథిలాలకి వెళ్లే వీధిలో కొట్లవాళ్లు ముక్కలు చేతిలో పెట్టి మరీ రుచి చూపిస్తారు, మొహమాటపడక్కర్లేదు. సింగపూర్ చైనాటౌన్‌లో అయితే కాంటనీస్ పద్ధతి మూన్‌కేకులు. మూన్‌కేకు వాళ్ల ఎనిమిదో నెల పున్నమి పండగ వంటకమే అయినా పాత కొట్లలో ఏడాది పొడుగునా దొరుకుతుంది.

పొద్దున్నే వెళ్లండి. వేడిగా వచ్చిన ట్రేలు అప్పుడే ఉంటాయి, మంచి రకాలు మధ్యాహ్నానికి అయిపోతుంటాయి. పెట్టె కొనే ముందు విడిగా ఒక్కొక్కటి అడిగి తీసుకుని అక్కడే తిని చూడండి. చాలా పాత కొట్లలో విడిగా ఇస్తారు. బిళ్ల నెత్తిన ఎర్రరంగుతో చిన్న ముద్రో, చుక్కో కనిపిస్తుంది. అది అలంకారం కాదు, లోపల ఏ పూర్ణం ఉందో గుర్తు. ఒకే ఆకారంలో ఉన్న నాలుగు రకాల్ని అమ్మేవాళ్లు దాన్ని బట్టే పోల్చుకుంటారు. ఏ ముద్ర దేనికి అన్నది కొట్టు కొట్టుకీ మారుతుంది, కాబట్టి ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనికిరాదు. అడగాల్సిందే.

తౌ సా పియా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మన నాలుకకి అన్నిటికన్నా దగ్గరిది అదే. "తౌ సా" అంటే పప్పు ముద్ద. పొట్టు తీసిన పెసరపప్పుని నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, మెత్తగా చేసి, పంచదార, ఉప్పు, నూనెతో మూకుట్లో దగ్గరకి వచ్చేదాకా కలుపుతారు. ఇంతవరకూ మన పూర్ణమే. తేడా ఆ నూనెలో ఉంది. సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయల్ని ముందు ఆ నూనెలో ఎర్రగా వేయించి, నూనెని, ఉల్లిముక్కల్ని రెండిటినీ పూర్ణంలో కలిపేస్తారు. అందుకే పెనాంగ్ తౌ సా పియా తీపీ ఉప్పూ కలిసి ఉంటుంది. కొన్నిటిలో మిరియాల ఘాటు కూడా తగులుతుంది. తీపి బొబ్బట్టు అనుకుని కొరికితే మొదటి ముక్కకి తడబడతాం, రెండో దానికి అలవాటవుతుంది. కార్తీకమాసంలోనో, దీక్షలోనో ఉండి ఉల్లి మానేసినవాళ్లు మాత్రం ఇది గుర్తుపెట్టుకోవాలి. పూర్తిగా తీపిగా ఉండే రకం వేరుగా ఉంటుంది, "స్వీట్" అని అడిగితే అది ఇస్తారు. దాన్లోనూ ఉల్లి ఉందా అని ఇంకోసారి అడగండి.

లో పో బెంగ్ అంటే "భార్య బిళ్ల". ఈ పేరు ఎలా వచ్చిందన్న దానికి ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. కథల కన్నా లోపల ఉన్నది ఆసక్తికరం: బూడిద గుమ్మడికాయ. మనం దిష్టికి గుమ్మానికి కట్టేదీ, వడియాలు పెట్టేదీ అదే కాయ. ముక్కల్ని సున్నపు తేటలో నానబెడతారు. సున్నంలోని కాల్షియం కాయలోని పెక్టిన్‌ని పట్టుకుని బిగుస్తుంది కాబట్టి పాకంలో ఎంతసేపు ఉడికినా ముక్క చితికిపోదు. ఉత్తరాది ఆగ్రా పేఠా చేసేదీ ఇలాగే. ఆ తీపి ముక్కల్ని సన్నగా తరిగి, వేయించిన జిగురు బియ్యప్పిండి, నువ్వులు, నీళ్లు, కొవ్వు కలిపితే సాగే పూర్ణం వస్తుంది. కొరికినప్పుడు పైపొర పొడిపొడిగా రాలాలి, లోపల జిగురుగా సాగాలి, నువ్వు గింజ పంటి కింద పడాలి. ఈ మూడూ ఉంటేనే కొనండి. చల్లారి రెండు రోజులైనదాన్లో ఆ జిగురు గట్టిపడి రబ్బరులా అవుతుంది. అందుకే దీన్ని ఇంటికి పట్టుకురావడం కన్నా అక్కడే వేడిగా తినడం మేలు.

మకావు బాదం బిళ్లల్లో పేరుకి బాదం ఉన్నా, అసలు సరుకు పెసరపిండి. పెసరపిండి, పొడి పంచదార, కొవ్వు కలిపి చెక్క అచ్చులో బిగించి నొక్కి, బల్ల మీద కొట్టి బయటికి తీసి, సన్నటి వేడి మీద ఆరబెట్టినట్టు కాలుస్తారు. నీళ్లు దాదాపు ఉండవు. మన పెసర సున్నుండని ఉండ కట్టకుండా అచ్చులో నొక్కి పొయ్యిలో పెట్టారనుకోండి, అచ్చం అదే. ఇప్పుడు చాలామంది పిండిలో బాదం పలుకులు కూడా వేస్తున్నారు. నీళ్లు లేవు కాబట్టి ఎక్కువ రోజులు నిలవుంటుంది. విజయవాడ దాకా చెక్కు చెదరకుండా తెచ్చుకోవడానికి వీటికి మించినవి లేవు. ఒక్క జాగ్రత్త, ఒత్తిడి తగిలితే పొడైపోతాయి. రేకు డబ్బాలో ఉన్నవే కొనండి.

మూన్‌కేకు ఈ మిగతావాటి కుటుంబంలోది కాదు. దాని తోపుకి పొరలుండవు. మైదా, వేరుశనగ నూనె, బంగారు రంగు పాకం, కొద్దిగా క్షారపు నీరు కలిపిన మెత్తటి పిండి అది. స్థూలంగా 100 గ్రాముల మైదాకి 70 నుంచి 75 గ్రాముల పాకం, 25 గ్రాముల పైచిలుకు నూనె, 2 గ్రాముల క్షారపు నీరు. ఆ పాకంలో నిమ్మరసం పోసి సన్నటి సెగ మీద గంటకు పైగా కాస్తారు. కాజా పాకంలో మనం నిమ్మరసం పిండేది దేనికో ఇక్కడా దానికే. పులుపు పంచదారని విడగొడుతుంది, పాకం మళ్లీ పలుకు కట్టదు. చేసిన పాకాన్ని వారాల తరబడి నిలవుంచి వాడే కొట్లున్నాయి. క్షారపు నీరు ఆ పులుపుని విరిచి, పైన ఎర్రటి రంగు తెస్తుంది. ఎక్కువైతే సబ్బు వాసన, తక్కువైతే పాలిపోయిన రంగు. పొయ్యిలోంచి తీసిన రోజున మూన్‌కేకు పైభాగం గట్టిగా, పొడిగా ఉంటుంది. రెండు మూడు రోజులకి పూర్ణంలోని నూనె, పాకంలోని తేమ పైకి ఎక్కి అది మెత్తబడి నిగనిగలాడుతుంది. కాబట్టి తౌ సా పియాని వేడిగా తినాలి, మూన్‌కేకుని ఆగి తినాలి.

మూన్‌కేకు లోపల తామర గింజల ముద్ద ఉంటే అది ఖరీదైన రకం. మన దగ్గర మఖానాని తామర గింజలు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మఖానా వేరే మొక్క గింజ, పేలాలు చేసింది. దాంతో ఈ పూర్ణం రాదు. ఎర్ర చిక్కుడు జాతి గింజలతో చేసే ఎర్ర పూర్ణం ఇంకో రకం, రుచిలో బొబ్బర్లకి దగ్గరగా ఉంటుంది. మధ్యలో పసుపుగా కనిపించేది ఉప్పులో ఊరేసిన బాతుగుడ్డు సొన, నిండు చందమామకి గుర్తు. పూర్తి పరిమాణం ఉన్న మూన్‌కేకు ఒకటి 180 గ్రాముల దాకా తూగుతుంది, 700 నుంచి 1000 క్యాలరీల మధ్య ఉంటుంది. వాళ్లు దాన్ని ఎనిమిది ముక్కలు కోసి, పంచదార లేని టీతో ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఆ ఎనిమిదో వంతు లెక్క మరవద్దు. మూన్‌కేకుల పండగ వాళ్ల ఎనిమిదో నెల పున్నమి నాడు వస్తుంది. 2025లో అక్టోబరు 6న వచ్చింది, 2026లో సెప్టెంబరు 25న. ఆ ముందు మూడు నాలుగు వారాలూ కొట్ల ముందు క్యూలు, అన్నీ బహుమతి పెట్టెలే. తీరిగ్గా అడిగి తెలుసుకుని కొనాలంటే ఆ రోజులు వద్దు.

కొవ్వు సంగతి

సంప్రదాయంగా ఈ పొరల మిఠాయిల్లో వాడేది పందికొవ్వు. దాచేది కాదు, వాళ్లకి అది నాణ్యతకి గుర్తు. మనం "అచ్చమైన నేతితో చేసినది" అని బోర్డు పెట్టినట్టే. పందికొవ్వు గది వేడిలో మెత్తటి వెన్నలా ఉంటుంది, పొరకీ పొరకీ మధ్య సమంగా పరుచుకుంటుంది. అందుకే ఆ పొరలు అంత పల్చగా వస్తాయి. అయితే చాలా కొట్లు ఇప్పుడు వెజిటబుల్ షార్టెనింగ్‌కో (వనస్పతిలాంటి గట్టి కొవ్వు), నూనెకో, వెన్నకో మారాయి. ఒకే కొట్టులో రెండు రకాలూ ఉండటం మామూలే.

మలేషియా, సింగపూర్‌లలో ఇంగ్లీషు నడుస్తుంది. కౌంటర్ వెనక పెద్దావిడ ఉంటే "ఆంటీ" అనే పిలవాలి, పెద్దాయన అయితే "అంకుల్". అక్కడ అందరూ అలాగే పిలుస్తారు, మన బీసెంట్ రోడ్డులో పిలిచినట్టే. "ఆంటీ, దిస్ వన్ గాట్ లార్డ్?" అంటే చాలు, తడుముకోకుండా చెబుతారు. లార్డ్ అంటే ఇంగ్లీషులో పందికొవ్వు. హాంకాంగ్‌లో పందికొవ్వుని "జ్యూ యౌ" అంటారు, మాండరిన్ మాట్లాడేచోట "జూ యౌ". స్వరం తేడా వస్తే మాట మారిపోయే భాషలు కాబట్టి ఫోన్లో అనువాదం చూపించడమే భద్రం. "ఇది శాకాహారమా?" అని ఒక్క ప్రశ్నతో సరిపెట్టకండి. మాంసం ముక్కలు లేవు కదా అని కొందరు అవునంటారు. పందికొవ్వు ఉందా, గుడ్డు ఉందా, ఉల్లి ఉందా అని మూడు ప్రశ్నలు విడివిడిగా అడగండి. పైన మెరుపు కోసం పూసేది దాదాపు ఎప్పుడూ గుడ్డు సొనే. అమ్మమ్మ, నాయనమ్మలకి కొనేటప్పుడు పైభాగం నిగనిగలాడుతుంటే ఆగి అడగాలి. పాలిపోయిన తెల్లటి బిళ్లల్లో గుడ్డు లేకపోయే అవకాశం ఎక్కువ.

ప్యాక్ చేసిన పెట్టె మీద "లార్డ్" అని ఉంటే పందికొవ్వే. ఒట్టి "షార్టెనింగ్" అని మాత్రమే ఉంటే అది మొక్కలదీ కావచ్చు, జంతువులదీ కావచ్చు. "వెజిటబుల్" అన్న మాట ముందు ఉండాలి. మలేషియాలో హలాల్ ముద్ర ఉంటే పందికొవ్వు లేదని నిశ్చయంగా అనుకోవచ్చు, గుడ్డు లేదని మాత్రం కాదు.

పేర్లు చూసి మోసపోకండి. "కై జాయ్ బెంగ్" అంటే కోడిపిల్ల బిళ్ల. దాన్లో కోడిమాంసం ఉండదు, కానీ తీపి పట్టించిన పందికొవ్వు ముక్కలుంటాయి. ఐదు రకాల పప్పుల మూన్‌కేకు అని గర్వంగా రాసినదాన్లో బాదం, వాల్‌నట్, నువ్వులతో పాటు ఎండబెట్టిన పంది మాంసం కలపడం పాత పద్ధతి. పేరు వినగానే శాకాహారం అనిపించేది సాధారణంగా ఇదే, కాబట్టి దీని దగ్గరే ఎక్కువ జాగ్రత్త. ఎగ్ టార్ట్ పేరులోనే గుడ్డుంది, దాని గిన్నెలాంటి అంచులో పందికొవ్వు కూడా ఉండొచ్చు.

మంచి కబురు ఏమిటంటే, శాకాహారం వాళ్లకి కొత్త కాదు. బౌద్ధం పాటించే చైనా కుటుంబాల్లో చాలామంది వాళ్ల చాంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు, అంటే మన పాడ్యమి, పున్నమి వేళల్లో మాంసం ముట్టరు. నిష్ఠగా ఉండేవాళ్లు ఉల్లి, వెల్లుల్లి కూడా వదిలేస్తారు. పెనాంగ్‌లో తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులూ నవ చక్రవర్తులనే తొమ్మిది మంది దేవుళ్ల పండగ. ఊరంతా శాకాహారం, పసుపు జెండాలు. చాలా ఏళ్లు అది మన ఇంద్రకీలాద్రి శరన్నవరాత్రులతో కలిసి వస్తుంది. 2024లో రెండూ అక్టోబరు 3నే మొదలయ్యాయి. 2025లో వాళ్ల పంచాంగంలో అధిక మాసం పడటంతో విడిపోయాయి. శాకాహారులు పెనాంగ్ వెళ్లాలనుకుంటే ఆ తొమ్మిది రోజులకి మించిన సమయం లేదు.

బాగా చేసిందో లేదో ఎలా తెలుస్తుంది? చేత్తో విరవకండి, కత్తితో నిలువుగా కోయమనండి. అంచున పొరలు దారాల్లా విడివిడిగా కనిపించాలి. బిస్కెట్టులా ముద్దగా విరిగితే లోపలి పొరలు కలిసిపోయాయన్నమాట. పూర్ణానికీ తోపుకీ మధ్య పెద్ద ఖాళీ ఉంటే పూర్ణంలో తడి ఎక్కువై ఆవిరి ఊదింది. అడుగున తోపు దళసరిగా, పచ్చిగా ఉంటే మూసిన చోట పిండి పోగుపడింది. కాగితం మీద పెట్టగానే నూనె మరక పాకితే పొయ్యి వేడి చాలక కొవ్వు కరిగి కారింది. తిన్నాక అంగిట్లో మైనంలా పొర మిగిలితే అది చవక షార్టెనింగ్. పందికొవ్వు, నెయ్యి నోటి వేడికే కరిగిపోతాయి, అలా మిగలవు.

ఆ కొట్లలో ఒక మూల పెద్ద పెద్ద బిళ్లలు, ఎర్ర కాగితంలో, "సంతోషం" అనే చైనా అక్షరం జంటగా రాసి కనిపిస్తాయి. అవి పెళ్లి బిళ్లలు. మన దగ్గర సారె ఆడపిల్లవారు పంపుతారు, అక్కడ మగపెళ్లివారు ఆడపెళ్లివారింటికి ఇవి పంపుతారు. వాళ్లు వాటిని బంధువులకి పంచితే అదే పెళ్లి పిలుపు. హాంకాంగ్‌లో వీటిని తూకంలో చెప్పేవారు, క్యాటీల్లో. ఒక క్యాటీ 600 గ్రాముల పైచిలుకు. మన కాజాల బుట్ట, లడ్డూల బుట్ట లెక్కలాంటిదే. పెద్దవి కాబట్టి ప్రయాణంలో ఉన్నవాళ్లు కొనాల్సినవి కావు. కానీ వాటిలో ఏయే పూర్ణాలు పెడతారో అడిగితే అమ్మేవాళ్ల మొహం వెలిగిపోతుంది.

విజయవాడ దాకా తేవడం

ఏది తేవచ్చు అన్నది తేమని బట్టి ఉంటుంది. అచ్చులో నొక్కిన పెసరపిండి బిళ్లలు అన్నిటికన్నా గట్టివి. కాల్చిన మూన్‌కేకు పంచదార ఎక్కువ కాబట్టి వారాలు నిలుస్తుంది. తౌ సా పియా వారం దాటితే పొరల కరకర పోతుంది, వాసన పట్టుకుంటుంది. పెట్టె మీద వేసిన తేదీయే ప్రమాణం. ఎగ్ టార్ట్, అరిటాకు ముక్క మీద పెట్టి అమ్మే ఎర్రటి ఆంగ్ కూ లాంటి ఆవిరి కుడుములు ఆ పూటవే. ఫ్రిజ్‌లో ఉంచి అమ్మే తెల్లటి స్నో స్కిన్ మూన్‌కేకుని సూట్‌కేసులో పెట్టే ఆలోచనే వద్దు.

పొరల మిఠాయి పెట్టె చేతి సంచిలో ఉండాలి, బరువు పైన పడకూడదు. పెట్టెలో ఖాళీ ఉంటే టిష్యూ కాగితం నింపండి, పొర రాలేది కదలిక వల్లే. నువ్వుల నూనె సీసా 100 మిల్లీలీటర్లు దాటితే చేతి సంచిలో రానివ్వరు, చెక్-ఇన్ సామానులో ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టాలి. మాంసం కలిసిన రకాలు తేకండి, సరిహద్దుల దగ్గర ఇబ్బంది. హైదరాబాదులోనో, చెన్నైలోనో దిగి కారులో వచ్చేవాళ్లు మే నెలలో పెట్టెని డిక్కీలో పెడితే బెజవాడ చేరేసరికి లోపలి కొవ్వు కరిగి కాగితం తడిసిపోతుంది. ఏసీ ఉన్న ముందు భాగంలోనే ఉంచుకోండి. మెత్తబడినవాటిని ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర ఐదారు నిమిషాలు పెట్టి, చల్లారనిచ్చి తినండి. ఎయిర్ ఫ్రయర్‌లో అయితే మూడు నిమిషాలు. మైక్రోవేవ్‌లో పెడితే పూర్ణంలోని ఆవిరి పొరల్లోకి ఎక్కి ఇంకా మెత్తబడతాయి.

ఇంట్లో నేతితో

పందికొవ్వు అసలు వద్దనుకునేవాళ్లకి అన్నిటికన్నా మంచి దారి ఇంట్లో చేసుకోవడం. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల కిరాణా కొట్లలో దొరకని సరుకు ఇందులో ఒక్కటీ లేదు. ఇరవై నాలుగు బిళ్లలకి లెక్క ఇది.

పూర్ణానికి 250 గ్రాముల ఛాయ పెసరపప్పు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్లు పూర్తిగా వంపి, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద అరగంట ఉడికించండి. కుక్కర్‌లో నీళ్లు పోసి ఉడికిస్తే తడి పట్టేస్తుంది, తర్వాత ఎంత వేయించినా ఆ తడి వదలదు. మెత్తగా చేసి, 120 గ్రాముల పంచదార, అర చెంచా ఉప్పు, 60 మిల్లీలీటర్ల వేరుశనగ నూనెతో అడుగు మందంగా ఉన్న మూకుట్లో కలుపుతూ ఉండండి. ఉల్లి తినేవాళ్లు ఆ నూనెలో ముందే నాలుగైదు చిన్న ఉల్లిపాయలు వేయించుకోవాలి. ముద్ద గరిటెకి అంటకుండా ఒక్కటిగా కదిలితే అయినట్టు. చల్లారాక 25 గ్రాముల ఉండలు చేసుకోండి. బొబ్బట్ల పూర్ణం కన్నా గట్టిగా ఉండాలి.

తోపుకి రెండు పిండులు. మొదటిది నీళ్ల పిండి: మైదా 200 గ్రాములు, నెయ్యి 60, పొడి పంచదార 20, నీళ్లు 90 మిల్లీలీటర్లు. బాగా మర్దించి, తడిబట్ట కప్పి అరగంట ఉంచండి. రెండోది నెయ్యి పిండి: మైదా 160 గ్రాములు, నెయ్యి 80. దీన్ని పిసకకూడదు, ముద్దగా కలిస్తే చాలు. నీళ్ల పిండి సాగాలి, నెయ్యి పిండి సాగకూడదు. అందుకే పొరలు ఒకదానికొకటి అంటుకోవు.

ఇక్కడే నేతి చిక్కు వస్తుంది. మనం మెచ్చుకునే పూస నెయ్యి దీనికి పనికిరాదు, ఆ పూసలు పల్చటి పిండిని చింపేస్తాయి. నెయ్యి కరిగించి, గిన్నెని ఐసునీళ్లలో పెట్టి, ఆపకుండా కలుపుతూ గబగబా చల్లార్చండి. నిదానంగా చల్లారితే పూస కడుతుంది, తొందరగా చల్లారితే మెత్తటి మీగడలా పేరుకుంటుంది. ఎండాకాలం మన వంటింటి వేడికి నెయ్యి నీళ్లయిపోతుంది. అప్పుడు నెయ్యి పిండి జారిపోయి నీళ్ల పిండిలో కలిసిపోతుంది, పొరలు మాయమవుతాయి. మే నెలలో చేయాలంటే తెల్లవారుజామునే మొదలుపెట్టి, నెయ్యి పిండిని పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి వాడండి. మరీ గట్టిపడినా ముక్కలై చింపుతుంది. రెండు పిండులూ వేలితో నొక్కితే ఒకేలా మెత్తగా ఉండాలి, పరీక్ష అదే.

నీళ్ల పిండి 15 గ్రాములు, నెయ్యి పిండి 10 గ్రాముల చొప్పున ఉండలు చేసి, బొబ్బట్టులో పూర్ణం పెట్టినట్టే మొదటిదాన్లో రెండోదాన్ని పెట్టి మూసేయండి. అప్పడాల కర్రతో మధ్య నుంచి పైకి ఒకసారి, కిందకి ఒకసారి మాత్రమే ఒత్తి, నాలుకలా సాగదీసి చాపలా చుట్టండి. పావుగంట ఆగాలి. అడ్డంగా తిప్పి మళ్లీ సాగదీసి చుట్టి, ఇంకో పావుగంట. ఆగకపోతే పిండి వెనక్కి లాగుతుంది, మనం బలంగా ఒత్తుతాం, పొరలు పగులుతాయి. అన్నిటికన్నా ఎక్కువమంది చేసే తప్పు ఇదే. చేతిలో ఒకటి ఉన్నంతసేపూ మిగతావాటి మీద తడిబట్ట ఉండాలి. పైన ఆరితే కాలేటప్పుడు బీటలు వారుతుంది.

చుట్టిన ముక్క రెండు కొనలూ మధ్యకి మడిచి, అంచులు పల్చగా మధ్య మందంగా వచ్చేలా పూరీలా ఒత్తి, పూర్ణం పెట్టి మూసి, మూత కిందకి వచ్చేలా తిప్పి కొంచెం అణచండి. మూసిన చోట పోగుపడిన పిండిని గిల్లి తీసేయాలి. పైన గుడ్డు బదులు పాలు పూసి నాలుగు నువ్వులు చల్లండి, రంగు కాస్త తక్కువ వస్తుంది అంతే. ఓవెన్ ముందే 180 డిగ్రీలకి వేడెక్కి ఉండాలి. చల్లటి ఓవెన్‌లో పెడితే పిండి గట్టిపడే లోపే నెయ్యి కారిపోతుంది. ఇరవై ఐదు నిమిషాలు. పక్కలు నొక్కితే లొంగకుండా గట్టిగా ఉంటే అయిపోయినట్టు, లొంగితే ఇంకో నాలుగైదు నిమిషాలు. తీగల స్టాండు మీద పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. మన కృష్ణ ఒడ్డు తేమలో గోరువెచ్చగా మూత పెట్టినవి మర్నాటికే మెత్తబడతాయి, మూడో రోజుకి బూజు కనిపిస్తుంది.